ఉపాధికీ అదును కావాలి

పత్తికొండ పేరు రాష్ట్రంలో చాలామందికి టమాటా ధరతోనే పరిచయం. గిట్టుబాటు కాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసినప్పుడో, 2023 జులైలో లాగా కిలో వంద రూపాయలు దాటినప్పుడో ఇక్కడి మార్కెట్ యార్డు పత్రికలకెక్కుతుంది. ఆ యార్డు చుట్టూ ఉన్న పల్లెల్లో ఏటా జరిగే మరో పెద్ద కదలికకు మాత్రం అంత ప్రచారం ఉండదు. కార్తీకం దాటేసరికి వీధుల్లో ఇళ్లకు తాళాలు పడటం మొదలవుతుంది. పత్తికొండ, తుగ్గలి, మద్దికెర, దేవనకొండ, ఆస్పరి, ఆలూరు, ఇంకా పైన కోసిగి, కౌతాళం మండలాల నుంచి కూలి కుటుంబాలు సుగ్గికి, అంటే పని వెతుక్కునే వలసకు, బయల్దేరతాయి. కొందరు గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోతారు. కొందరు తెలంగాణ పల్లెలకు, మరికొందరు బెంగళూరు కట్టడం పనులకు పోతారు. ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. బడి పిల్లల్లో కొందరిని సీజనల్ హాస్టళ్లు ఆపుతాయి, మిగతావాళ్లు తల్లిదండ్రుల వెంట పోతారు. ఉగాది ముందో వెనకో అందరూ తిరిగొస్తారు.

ప్రభుత్వాలు నిరుద్యోగాన్ని తగ్గించడానికి చేసే పనులను మనం సాధారణంగా రెండు లెక్కలతో తూచుతాం: ఎన్ని రోజుల పని కల్పించారు, ఎన్ని కోట్లు ఖర్చుపెట్టారు. మెట్ట ప్రాంతంలో వీటికంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆ పని ఏ నెలలో దొరికింది? దాని కూలి ఏ తేదీన చేతికొచ్చింది? విత్తనానికి అదును ఎంత ముఖ్యమో ఉపాధికీ అంతే ముఖ్యమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పత్తికొండ ప్రాంతం ఆ సంగతిని స్పష్టంగా చూపుతుంది.

మెట్ట నేలలో ఒక ఏడాది

ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం 650, 700 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల నైరుతి రుతుపవనాలతో పడుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వాన కొంత ఉంటుంది కానీ, కోస్తాకు అందినంతగా ఇంత లోపలికి అందదు. జిల్లా ఉత్తరపు అంచున తుంగభద్ర పారుతున్నా పత్తికొండ ఎత్తున ఉంది కనుక ఆ నీరు తనంతట తాను ఇటు రాదు. శ్రీశైలం జలాశయం నుంచి నీటిని మెట్లు మెట్లుగా ఎత్తిపోసే హంద్రీ–నీవా పథకం, అందులో భాగమైన పందికోన జలాశయం వచ్చాకనే కొన్ని ఊళ్లకు కాలువ నీటి ఆశ కలిగింది. మిగతా నేలంతా వాన మీదే ఆధారం.

ఈ నేలలో కూలి పని ఎప్పుడెప్పుడు ఉంటుందో వరసగా చూద్దాం. తొలకరి పడిన జూన్, జులైల్లో వేరుశనగ, కంది, ఆముదం, పత్తి విత్తుతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కలుపు తీత ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్కువ రోజులు పని దొరికే కాలం అదే. అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ పీకడం, కాయలు కోయడం, బోర్లున్న చోట టమాటా, ఉల్లి పనులు నడుస్తాయి. పత్తి ఏరడం సంక్రాంతి దాకా సాగవచ్చు, అదీ కాయ బాగా పట్టిన ఏడు మాత్రమే. ఆ తర్వాత మళ్లీ తొలకరి దాకా వర్షాధార చేలల్లో చేయడానికి పనే ఉండదు. పంట చక్కగా పండిన ఏడాదిలోనే నాలుగైదు నెలల ఖాళీ ఇది. ఆగస్టులో వాన మొగం చాటేస్తే వేరుశనగ ఊడల దశలోనే ఎండిపోతుంది, పీకడానికి కూలీలను పిలిచే రైతే ఉండడు. అప్పుడు ఖాళీ సెప్టెంబరు నుంచే మొదలవుతుంది.

తొలకరి జల్లులు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పరిసరాల చేలల్లో వజ్రాల కోసం జనం నేలను గాలించడం అందరికీ తెలిసిన దృశ్యం. వజ్రం దొరికే అవకాశం ఎంత తక్కువో వెతికేవాళ్లకూ తెలుసు. అయినా రోజంతా వంగి వెతుకుతారు. ఆ రోజు చేయడానికి కూలి దొరికే వేరే పని లేకపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

అర్థశాస్త్రం ఈ స్థితిని రుతువులను బట్టి వచ్చే నిరుద్యోగం అంటుంది. ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాడి నిరుద్యోగానికీ దీనికీ తేడా ఉంది. ఇది ఏటా వస్తుంది, ఏ నెలలో వస్తుందో ముందే తెలుస్తుంది, ఊరంతటికీ ఒకేసారి వస్తుంది. ముందే తెలిసిన కష్టానికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఏర్పాటు జరగడం లేదన్నదే ఇక్కడి బాధ.

సర్వేల కంటికి ఆనని ఖాళీ నెలలు

దేశంలో నిరుద్యోగాన్ని కొలిచేది జాతీయ నమూనా సర్వే వ్యవస్థ. 2017 నుంచి ఆవర్తన శ్రామిక శక్తి సర్వే పేరిట ఈ లెక్కలు వస్తున్నాయి. 2017–18లో 6.1 శాతంగా ఉన్న నిరుద్యోగ రేటు 2023–24 నాటికి 3.2 శాతానికి తగ్గిందని, గ్రామీణ ప్రాంతాల్లో అది 2.5 శాతమేనని ఆ సర్వే చెప్పింది. ఈ అంకెలు తప్పని అనడానికి లేదు. అయితే అవి దేన్ని కొలుస్తున్నాయో తెలుసుకోవాలి.

తరచుగా పత్రికల్లో కనిపించేది ‘సాధారణ స్థితి’ రేటు. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం మనిషి ఏం చేశాడని ఇందులో అడుగుతారు. ప్రధానంగా పనిలో లేకపోయినా అనుబంధంగా 30 రోజులు పనిచేసినవారిని కూడా ఉపాధి ఉన్నవారి కిందే లెక్కిస్తారు. రెండోది ‘వారపు స్థితి’. గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా ఒక గంట పని చేసివుంటే ఆ వారం ఉపాధి ఉన్నట్టే. మూడోది ‘రోజువారీ స్థితి’. ఇది వారంలోని ప్రతి రోజునూ అరపూటల లెక్కన పరిశీలిస్తుంది.

పత్తికొండ పల్లెలోని ఒక కూలి మనిషిని ఈ మూడు కొలతలతో చూద్దాం. ఆమె జూన్ నుంచి నవంబరు దాకా తొంభై రోజులు పొలం పని చేసింది. డిసెంబరు నుంచి మార్చి దాకా గుంటూరు వైపు మిరప కోసింది. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనికి పోయింది. సాధారణ స్థితి లెక్కలో ఆమె ఏడాది పొడవునా ఉపాధి ఉన్న మనిషి. సొంత ఊళ్లో పని లేకనే నాలుగు నెలలు ఇల్లు విడిచిందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా ఉండదు. ఊళ్లో ఖాళీగా కూర్చున్న రోజులు రోజువారీ స్థితిలో కొంత బయటపడతాయి. ఎం.ఎల్. దంత్వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 1970లో ఇచ్చిన నివేదికలోనే ఇలాంటి హెచ్చరిక ఉంది. మన గ్రామాల నిరుద్యోగాన్ని ఒకే అంకెలోకి కుదించడం తగదని, వేర్వేరు కొలతలు కావాలని ఆ సంఘం చెప్పింది. పేదవాడికి పని లేకుండా ఉండే స్తోమత లేదు. అందువల్ల వార్షిక రేటు తక్కువగా ఉన్న చోట పని పుష్కలంగా ఉందనుకోవడం పొరపాటు.

కరువు పనుల నుంచి హక్కు దాకా

పని చూపి ప్రాణం నిలిపే ప్రయత్నం రాయలసీమకు కొత్తది కాదు. 1876–78 నాటి మహా కరువులో కర్నూలు జిల్లా అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్న వాటిలో ఒకటి. 1871, 1881 జనగణనల మధ్య జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. ఆ కరువులో తెరిచిన సహాయ పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితో పాటు ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పొద్దస్తమానం మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ వైద్య శాస్త్రం ఆధారంగా వాదించాడు. ఆ వాదం కొంతవరకు నెగ్గేసరికే చాలా ప్రాణాలు పోయాయి. తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు నియమావళి వచ్చాయి. కరువు లక్షణాలు కనబడగానే పనులు తెరవాలి, తెరవవలసిన పనుల జాబితా ముందే సిద్ధంగా ఉండాలి అన్నవి ఆ నియమావళిలోని మేలైన సూత్రాలు. కానీ అది పాలకుల దయగానే ఉండిపోయింది, కూలివాడు అడిగి తీసుకునే హక్కు కాలేదు.

స్వతంత్ర భారత రాజ్యాంగం 41వ అధికరణంలో పని హక్కును ఆదేశిక సూత్రంగా రాసుకుంది. 1977లో పనికి ఆహార పథకం, 1980లో జాతీయ గ్రామీణ ఉపాధి కార్యక్రమం, 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన, 1993లో ఉపాధి భరోసా పథకం, 2001లో సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజన ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇవన్నీ నిధులు ఉన్నంత వరకు నడిచే పథకాలు. దారి మార్చింది మహారాష్ట్ర. 1972 కరువు అనుభవం నుంచి పుట్టిన ఉపాధి హామీకి ఆ రాష్ట్రం 1977లో చట్ట రూపం ఇచ్చింది. 2005లో పార్లమెంటు చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఆ ఆలోచనను దేశమంతటికీ తెచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించినది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. దేశంలోని ఇంత పెద్ద కార్యక్రమం రాయలసీమ మెట్ట పల్లెలో మొదలు కావడం సముచితం. 2008 ఏప్రిల్ నాటికి అది గ్రామీణ జిల్లాలన్నిటికీ విస్తరించింది. 2009లో దానికి మహాత్మాగాంధీ పేరు చేర్చారు.

ఆ చట్టంలో ప్రాణం లాంటివి మూడు నియమాలు. పని అడిగిన 15 రోజుల్లో చూపాలి. చూపలేకపోతే మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం నిరుద్యోగ భృతిగా ఇవ్వాలి. పని చేసిన 15 రోజుల్లో కూలి చెల్లించాలి. ఈ మూడూ కాలానికి సంబంధించినవే. చట్టం రాసినవారు గడియారాన్ని కూలివాడి చేతికిచ్చారు. అది తిరగాలంటే పని అడిగిన రోజున తేదీ వేసిన రసీదు చేతికి రావాలి. రసీదు లేకపోతే 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలో తేలదు, భృతి అడిగే ఆధారమూ ఉండదు. కూలి చాలావరకు కేంద్రం ఇచ్చినా భృతి భారం రాష్ట్రానిది. అందుకని కింది స్థాయిలో రసీదు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాని పరిస్థితి దేశంలో చాలాచోట్ల కనిపించింది. చిన్న కాగితం ముక్కే అయినా ఉపాధి హక్కు మొత్తం దాని మీదే నిలిచి ఉంది.

కలవని రెండు క్యాలెండర్లు

పత్తికొండ ప్రాంతంలో ఉపాధి పని మస్టర్లు నిండుగా కనిపించేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. కుటుంబాలు ఊరు విడిచే నిర్ణయం తీసుకునేది అక్టోబరు, నవంబరుల్లో. పని వచ్చే నాటికి వెళ్లవలసినవాళ్లు వెళ్లి తిరిగి కూడా వచ్చేస్తారు. వేసవి పని వాళ్లకు అక్కరకు వస్తుంది, ఎండల్లో పొయ్యి వెలిగిస్తుంది. వలసను ఆపే శక్తి మాత్రం దానికి లేదు.

దీనికి కారణం ఏ ఒక్కరి నిర్లక్ష్యమో కాదు, పద్ధతిలోనే ఉంది. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. గ్రామసభలు ఆగస్టు 15 నుంచి అక్టోబరు 2 మధ్య జరిగి, తర్వాతి ఏప్రిల్ నుంచి చేపట్టే పనుల జాబితా తయారు చేస్తాయి. కొత్త నిధులు, కొత్త అనుమతులు వేసవికి వస్తాయి. ఆర్థిక సంవత్సరం చివరికి వచ్చేసరికి కేటాయింపులు అడుగంటడం, కూలి బకాయిలు పేరుకోవడం దేశమంతటా పదేపదే చూసిందే. అంటే ప్రభుత్వ ఖజానా ఒట్టిపోయే నెలలూ మెట్ట పొలం ఒట్టిపోయే నెలలూ ఒకటే. దేశంలో ఉపాధి పని చేసిన కుటుంబానికి ఏటా దక్కుతున్న సగటు పని దినాలు చాలా ఏళ్లుగా 50కి అటూ ఇటూ ఉన్నాయి. ఆ 50 రోజులు ఏ నెలల్లో పడ్డాయన్న లెక్క మాత్రం వార్షిక సమీక్షల్లో ముందుకు రాదు.

కరువు మండలాల ప్రకటనకూ ఇదే వర్తిస్తుంది. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో వెలువరించిన కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరువును అక్టోబరు నెలాఖరు లోపు ప్రకటించాలి. 2005 చట్టం కింద కరువు ప్రాంతాల్లో హామీ ఇచ్చిన 100 రోజులకు అదనంగా మరో 50 రోజుల పని కల్పించే వీలుండేది. ప్రకటన గడువుకు, కుటుంబాలు మూటలు సర్దుకునే తేదీకి మధ్య ఎంతో వ్యవధి లేదు. ప్రకటన వెలువడిన మరుసటి వారమే పని తెరుచుకుంటే అది నిజమైన ఆసరా. ఫైలు తిరిగి తిరిగి ఫిబ్రవరిలో ఉత్తర్వు వస్తే ఆ అదనపు రోజులు కాగితం మీదే ఉంటాయి.

సరైన నెలలో దొరికే పని వలసను తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధన జవాబు ఇచ్చింది. రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్ సరిహద్దుల్లోని పల్లెల్లో క్లెమాఁ ఇంబెర్, జాన్ పాప్ అనే ఆర్థికవేత్తలు అధ్యయనం చేశారు. ఉపాధి పనులు ఎక్కువగా జరిగిన రాజస్థాన్ వైపు స్వల్పకాలిక వలస తగ్గినట్టు వారు గమనించారు. పట్నంలో రోజు కూలి ఎక్కువే అయినా, ఊళ్లో పని ఉంటే చాలామంది ఊరే కావాలనుకున్నారు. ప్రయాణ ఖర్చు, తలదాచుకునే చోటు లేకపోవడం, పిల్లల చదువు, ముసలివాళ్ల ఆలనా పాలనా అన్నీ కలిపి చూసుకుంటే ఆ ఎక్కువ కూలి అంత ఎక్కువగా మిగలదు.

ఇథియోపియా అనుభవం కూడా మనకు పనికొస్తుంది. 2005లోనే ఆ దేశం ఉత్పాదక భద్రతా వల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. కరువు పీడిత ప్రాంతాల పేదలకు ప్రధాన సాగుకాలం మొదలు కాకముందు, సుమారు జనవరి నుంచి జూన్ దాకా, గట్లు, కుంటల పనులు చూపడం ఆ కార్యక్రమం పద్ధతి. తిండి గింజలు తరిగే నెలలేవో ముందు గుర్తించి, పనిని ఆ నెలల్లో నిలబెట్టారు. మన చట్టం ఇచ్చిన హక్కు అక్కడ లేదు. పనిని కాలంతో జతచేసిన తీరు మాత్రం మనం నేర్చుకోదగింది.

కూలి చేతికందే రోజు

వలసకు పోయే కుటుంబానికి మేస్త్రీ ముందుగానే కొంత అడ్వాన్సు చేతిలో పెడతాడు. పండగ ఖర్చు, అంగట్లో బాకీ, విత్తనాల అప్పుకు వడ్డీ ఆ డబ్బుతో తీరతాయి. ఉపాధి పనిలో ముందు పని, తర్వాత కొలతలు, ఆ తర్వాత ఎప్పటికో డబ్బు. 2025–26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి గరిష్ఠంగా రోజుకు 307 రూపాయలు. ఆరు రోజుల వారానికి 1,842 రూపాయలు. గడువు దాటిన చెల్లింపుకు రోజుకు 0.05 శాతం పరిహారమని నిబంధన. లెక్క కడితే రోజుకు రూపాయి కూడా లేదు. నెల రోజులు ఆలస్యమైతే వచ్చేది సుమారు 28 రూపాయలు. బయట చేబదులు తెచ్చుకున్న డబ్బుకు అంతకంటే ఎన్నో రెట్లు వడ్డీ కట్టాలి. ఆలస్యం చేసినవారికి దీనివల్ల ఏ ఒత్తిడీ లేదు, నష్టమంతా కూలివాడిదే.

చెల్లింపు తీరు బాగుపడితే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద ఎత్తున పరిశీలించారు. ఉపాధి కూలిని, పింఛన్లను వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డుల ద్వారా ఊళ్లోనే ఇచ్చే విధానాన్ని 8 జిల్లాల్లోని 157 మండలాల్లో యాదృచ్ఛిక క్రమంలో ప్రవేశపెట్టారు. ఆ 8 జిల్లాల్లో కర్నూలు, కడప, అనంతపురం ఉన్నాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ దాని ఫలితాలను కొలిచారు. కూలి త్వరగా అందింది, నడుమ జారిపోయే సొమ్ము తగ్గింది. అంతకంటే ముఖ్యమైన ఫలితాన్ని వారు 2023లో ప్రచురించారు. లబ్ధి కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. ఆ పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది.

ఈ 86 శాతం గురించి కొంచెం ఆలోచించాలి. ఊళ్లో నమ్మకంగా పని దొరుకుతుందని, కూలి సమయానికి వస్తుందని తెలిసిన మనిషికి బేరమాడే బలం వస్తుంది. రైతు దగ్గరైనా మేస్త్రీ దగ్గరైనా ‘ఇంత ఇస్తేనే వస్తా’ అనగలుగుతుంది. అలా ఊరి కూలి రేటు మొత్తం పెరుగుతుంది. కూలి పెరిగితే పని తగ్గుతుందని చాలామంది భయపడతారు. ఈ పరిశోధనలో బయటి ఉపాధి తగ్గకపోగా పెరిగింది. ఎక్కువ భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో ఆ పెరుగుదల మరింత కనిపించింది. ఉపాధి హామీ విలువను మస్టరులో పడిన రోజులతో మాత్రమే కొలవడం ఎంత అసంపూర్ణమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాతి కాలంలో మొబైల్ ఫోన్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు, 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయ్యాయి. దొంగ మస్టర్లు అరికట్టడం అవసరమే. ఉమ్మడి రాష్ట్రంలో మొదలై దేశానికి దారి చూపిన సామాజిక తనిఖీ, ఊరి జనం ఎదుట రికార్డు చదివి వినిపించే పద్ధతితో, ఆ పనినే చేసింది. కొత్త పరికరం ఏదైనా తేవడానికి ముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి: దీనివల్ల నిజంగా పనిచేసిన మనిషికి కూలి ముందు వస్తుందా, ఆలస్యమవుతుందా? సిగ్నల్ అందని గుట్ట మీద ఫొటో ఎక్కకపోతే పోయేది పనిచేసిన మనిషి ఆ పూట కూలి.

కుంట తవ్వితే మిగిలేది

ఉపాధి పని అంటే ఊరికే మట్టి తవ్వి పోయడమన్న మాట తరచుగా వింటాం. పత్తికొండ నేలలో ఆ మట్టి పనికి ఉన్న విలువను ఒక్క సేద్యపు కుంట లెక్కతో చూడవచ్చు. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, పక్కలు ఏటవాలుగా అడుగున 6 మీటర్లకు 6 మీటర్లు ఉండేలా కుంట తవ్వారనుకుందాం. అందులో సుమారు 130 ఘనపు మీటర్ల నీరు, అంటే 1,30,000 లీటర్లు పడతాయి. మనిషి రోజుకు ఒకటిన్నర ఘనపు మీటర్ల మట్టి తీస్తాడనుకుంటే దీనికి 87 పని దినాలు కావాలి. 307 రూపాయల చొప్పున కూలి ఖర్చు సుమారు 26,700 రూపాయలు.

ఇప్పుడు వాన లెక్క. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైచిలుకు నీరు. ఐదెకరాల మీద 30 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా కురిసి, అందులో ఐదో వంతు పారి కుంటకు చేరినా 1,20,000 లీటర్లు. ఒక్క గట్టి వానకే కుంట దాదాపు నిండుతుంది. ఆ నీటిని ఆగస్టు బెట్టలో ఎకరం వేరుశనగకు 25 మిల్లీమీటర్ల రక్షక తడిగా ఇవ్వడానికి లక్ష లీటర్లు చాలు. ఊడలు దిగి కాయ ఊరే దశలో ఆ ఒక్క తడి పడితే, ఎండిపోవలసిన పంట చేతికి వస్తుంది. ఎర్ర నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక మట్టి, సిమెంటు కలిపిన పూత అవసరమవుతుంది. నల్లరేగడిలో ఆ ఇబ్బంది తక్కువ.

పంట నిలిస్తే అక్టోబరులో దాన్ని పీకడానికి కూలీలు కావాలి. కుంట తవ్విన చేతులకే మళ్లీ ఆ పని వస్తుంది. వేసవిలో చేసిన ఉపాధి పని ఖరీఫ్‌లో పొలం పనిగా తిరిగివచ్చే మార్గం ఇదే. అందుకే కుంట ఎక్కడ తవ్వాలన్నది కొలతల కోసం కాక నీరు పారే తీరు చూసి నిర్ణయించాలి. వాలు ఎటు ఉంది, ఏ వంక ఎంత పరీవాహకం నుంచి నీరు తెస్తుంది అని చూడకుండా తవ్విన కుంటలో వాన కురిసినా నీరు నిలవదు. ఆ పనికి ఇంజనీరు ఎంత అవసరమో, ఆ చేను తరతరాలుగా దున్నిన రైతు మాట కూడా అంతే అవసరం.

కొత్త చట్టం, పాత ప్రశ్న

ఉపాధి కల్పనకు కేంద్రం మరికొన్ని దారులు కూడా ఎంచుకుంది. 2008 నుంచి ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, 2014లో గ్రామీణ యువతకు దీన్ దయాళ్ ఉపాధ్యాయ కౌశల్య యోజన, 2015లో ముద్ర రుణాలు వచ్చాయి. 2025 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనకు సుమారు లక్ష కోట్ల రూపాయలు కేటాయించి, రెండేళ్లలో 3.5 కోట్ల ఉద్యోగాలను ప్రోత్సహిస్తామన్నారు. అది భవిష్య నిధి ఖాతాలున్న సంస్థల్లో చేరేవారికీ చేర్చుకునేవారికీ ఇచ్చే ప్రోత్సాహం. చదువుకున్న యువతకు అది మేలు చేయవచ్చు. పత్తికొండ కూలీలకు భవిష్య నిధి ఖాతా ఇచ్చే యజమాని లేడు. ఇక్కడ స్థానికంగా సంఘటిత ఉద్యోగాలు పుట్టాలంటే పండే పంట ఇక్కడే సరుకుగా మారాలి. ఎన్నో ఏళ్లుగా రైతులు అడుగుతున్న టమాటా శుద్ధి పరిశ్రమకు ఆ దృష్టితో కూడా విలువ ఉంది. ధర పడిన రోజుల్లో రైతుకు కొనేవాడు దొరుకుతాడు, ఖాళీ నెలల్లో ఊరి మహిళలకు పని దొరుకుతుంది.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో వికసిత్ భారత్ రోజ్‌గార్, ఆజీవికా హామీ చట్టాన్ని ఆమోదించింది. ఇందులో హామీ పని దినాలు 125కు పెరిగాయి. ఖర్చును ఎక్కువ రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించాలి. కేంద్రం ముందుగా నిర్ణయించిన కేటాయింపు దాటితే ఆ పై ఖర్చు రాష్ట్రానిది. విత్తే, కోసే రోజుల్లో రైతుకు కూలీలు దొరకాలన్న ఉద్దేశంతో ఏడాదిలో 60 రోజుల వరకు పనులు ఆపే ఏర్పాటు కూడా ఉంది.

రోజుల సంఖ్య పెరగడం మంచిదే. పత్తికొండకు మాత్రం ఆ 60 రోజులు ఏవన్నదే ప్రధాన ప్రశ్న. డెల్టాలో నాట్లు, కోతల తేదీలను బట్టి రాష్ట్రమంతటికీ ఒకే విరామం పెడితే మెట్ట ప్రాంతం నష్టపోతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతలు సాగే నవంబరు, డిసెంబరుల్లోనే ఇక్కడి చేలు ఖాళీ అవుతాయి. విరామాన్ని మండలాల వారీగా, ఆ నేలలో పడే పనిని బట్టి ప్రకటించాలి. ఇక్కడికైతే విత్తనాల వేళ కొన్ని రోజులు, వేరుశనగ పీకే వేళ కొన్ని రోజులు చాలు. పంట పోయిన ఏడాది ఆ విరామాన్ని కూడా ఎత్తివేయాలి, ఎందుకంటే కోయడానికి పంటే లేని చోట ఉపాధి పని ఆపితే వలస తప్ప వేరే దారి మిగలదు. ఖర్చులో వాటా పెరిగిన రాష్ట్రం చలికాలపు నెలలకు తన సొమ్మును విడిగా పక్కనపెట్టుకోకపోతే 125 రోజులన్న మాట మళ్లీ వేసవికే పరిమితమవుతుంది.

చేయదగినవి

ఇంతదాకా చెప్పినదాన్నిబట్టి మెట్ట ప్రాంతంలో ఉపాధి విధానం కింది దారిలో నడవాలి.

మొదటిది, పనుల జాబితాలో నెలల వారీ విభజన. అక్టోబరు 2 గ్రామసభలో తర్వాతి ఏడాది పనులతో పాటు, ఆ నవంబరు నుంచి మార్చి దాకా వెంటనే తెరవగల పనులను కూడా విడిగా ఆమోదించాలి. కొలతలు, అనుమతులు పూర్తిచేసి సిద్ధంగా ఉంచాలి. 1883 నాటి నియమావళి కోరిన సిద్ధపాటును ఈనాటి పంచాయతీ చేయలేకపోవడానికి కారణం లేదు.

రెండోది, అడగడానికి ముందే అడగడం. సెప్టెంబరు చివర్లో, వలసపోయే అలవాటున్న ప్రతి ఇంటికీ ఫీల్డ్ అసిస్టెంట్ వెళ్లి పని కావాలా అని అడిగి, తేదీ వేసిన రసీదు ఇవ్వాలి.

మూడోది, మొదటి వారం కూలి. వలసకాలంలో తెరిచిన పనులకు తొలి చెల్లింపు వారం లోపల జరిగితే మేస్త్రీ అడ్వాన్సుతో పోటీపడగలం. ఆలస్యమైతే చెల్లించే పరిహారం నిజంగా భారంగా ఉండాలి, ఆ భారం ఆలస్యానికి కారకులైన వారి మీద పడాలి.

నాలుగోది, కరువు ప్రకటనకూ పనికీ ముడి. అక్టోబరు చివర కరువు మండలంగా ప్రకటించిన చోట అదనపు పని దినాల ఉత్తర్వు అదే రోజు, అదే కాగితంలో వెలువడాలి.

ఐదోది, వెళ్లక తప్పనివారి రక్షణ. ఎన్ని పనులు తెరిచినా కొందరు పోతారు, అది వాళ్ల హక్కు. వాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నవంబరు మొదటి వారానికే తెరుచుకోవాలి. రేషన్ వెళ్లిన చోట అందాలి.

చివరిది కొలత. జిల్లా సమీక్షల్లో ఏడాది మొత్తం పని దినాల పక్కన మరో రెండు అంకెలు తప్పనిసరిగా ఉండాలి: నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కల్పించిన పని దినాలు, ఆ నెలల్లో పని చేసిన రోజుకూ కూలి పడిన రోజుకూ మధ్య సగటు గడువు. ఏ అధికారైనా, ఏ ప్రభుత్వమైనా తనను కొలిచే అంకెనే బాగు చేసుకుంటుంది. ఆ రెండు అంకెలను ప్రతి పంచాయతీ గోడ మీద రాయించగలిగితే, పత్తికొండ డివిజన్‌లోని కూలి కుటుంబాలు సుగ్గికి పోవాలో వద్దో గతిలేక కాకుండా తమ ఇష్టంతో తేల్చుకోగలుగుతాయి. జాతీయ ఉపాధి విధానం సఫలమైందని చెప్పడానికి మెట్ట సీమలో అంతకంటే నమ్మదగిన గుర్తు లేదు.